చిన్నదాని బొంత విప్పిన సాయంత్రం

మంచం మీద నిద్రపోతున్న చిన్నదాన్ని లేపుదామని బొంత అంచు పట్టుకుని ఎత్తాను. పొద్దుటి నుంచి ముసురు. ఉతికిన బట్టలన్నీ ఇంట్లోనే దండెం మీద వేలాడుతున్నాయి. బొంత కూడా చెమ్మ పీల్చి బరువెక్కింది. ఎత్తగానే లోపలి నుంచి ఒక వాసన నా ముఖానికి కొట్టింది. నానిన గుడ్డ వాసన కాదు, పిల్ల పక్క తడిపిన వాసనా కాదు. కొంచెం తీపి, కొంచెం ఘాటు, గొంతులో సన్నగా గీరే వాసన. మా ఆయన మందుల ఫ్యాక్టరీ నుంచి వచ్చి గుమ్మం దగ్గర బూట్లు విప్పినప్పుడు, ఆయన లోపలికి వెళ్లిపోయాక కూడా కాసేపు అక్కడే నిలబడి ఉండే వాసన అది. కానీ ఆయన రాత్రి డ్యూటీకని బయలుదేరి చాలాసేపైంది. బూట్లూ ఆయనతోనే వెళ్లాయి.

పిల్లను బొంతలోంచి లాగి భుజాన వేసుకున్నాను. నిద్ర చెడి ఏడుపు అందుకుంది. వీపుకు చెవి ఆనించి విన్నాను. పిల్లికూతలు. వానలు మొదలైనప్పటి నుంచి ఆ చిన్న ఛాతీలో కాపురం పెట్టిన పిల్లికూతలు.

దానికప్పుడు మూడేళ్లు. ఆ వానాకాలమంతా నేను ఆ కూతల వెనకే తిరిగాను. పోపు పొగ అనుకుని వంటింటి తలుపు మూసి వండాను. పక్కింటి కోళ్ల గూడు అనుకుని వాళ్లతో మాట తెచ్చుకున్నాను. హైవే మీద లారీలు లేపే దుమ్ము అనుకున్నాను. పొద్దుగూకే వేళ ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగితే చౌటుప్పల్ మొత్తానికి ఒక వాసన కమ్ముతుంది, అది అనుకుని కిటికీలకు పాత దుప్పట్లు కట్టాను. ఎవరో ఏదో చెప్తే మిరియాల కషాయం పోశాను. ఫోనులో చదివి చదివి, చదివిన ప్రతి జబ్బూ దీనికే ఉందనుకున్నాను. డిగ్రీ చదువుకున్న మనిషిని, ఒక దగ్గు ఎక్కడి నుంచి వస్తుందో కనుక్కోలేకపోతున్నానే అని లోలోపల ఒకటే గుబులు.

పిల్లల డాక్టర్ ప్రతిసారీ ముఖానికి మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టించేవాడు. కూతలు తగ్గేవి. ఇంటికొచ్చి పడుకోబెడితే తెల్లారేసరికి మళ్లీ మొదలు. ఒకసారి ఆయన అడిగాడు.

“ఇంట్ల కొత్తగా ఏమన్న తెచ్చిండ్రామ్మా? పరుపు, కార్పెట్, కుక్కపిల్ల గిట్ల?”

“ఏం లేదు సార్” అన్నాను.

వెంట వచ్చిన మా అత్తమ్మ కూడా నవ్వింది. “మా ఇంట్ల కొత్తది ఏముంటది సారూ, నాతోని మొదలుపెడితే అన్నీ పాతయే.”

డాక్టర్ కూడా నవ్వాడు. ఇద్దరం అబద్ధం చెప్పలేదు. బొంత ఎవరికీ గుర్తు రాలేదు. ఎట్లా వస్తుంది? బొంతలో కొత్తది అంటూ ఏమీ ఉండదు. కట్టి, ఉతికి, మళ్లీ కట్టి, పీలికలయ్యే ముందు ఆగిన బట్టలన్నీ కలిస్తేనే బొంత. దాన్ని కుట్టింది ఎండాకాలంలో. కప్పింది వానలు పడి చల్లబడ్డాక. దగ్గు కూడా అప్పుడే వచ్చింది కాబట్టి అందరం వానను తిట్టుకున్నాం.

ఆ ఎండాకాలం నాకు బాగా గుర్తు. మా ఆడబిడ్డ వారం రోజులకని పుట్టింటికి వచ్చింది. అత్తమ్మకు అంతకన్నా మంచి సందు దొరకదు. ఇంటి వెనక రేకుల కింద చాప పరిచి, దాని మీద మా అమ్మ ఇచ్చిన పాత చీర పరిచి, నాలుగు మూలలా గాలికి లేవకుండా రాళ్లు పెట్టింది. లోపలి పొరలు పరిచే పని ఎప్పుడూ ఆమెదే. ఎక్కడ పలచన, ఎక్కడ మందం, ఏ గుడ్డ ఏ గుడ్డ మీద పడితే ముడత రాదు, ఇవన్నీ ఆమె చేతికి తెలుసు. పైచీర పరిచి మూలలు కలిపాక మమ్మల్ని పిలిచేది. అప్పుడు ముగ్గురం మూడు వైపులా కూర్చుని దబ్బనాలతో కుట్టుకుంటూ నడిమికి వచ్చేవాళ్లం. దారం కొనేది లేదు. మా మామయ్య మగ్గం ఆపేసిన నాటి నూలు ఇంకా ఒక మూటెడు ఉంది. దాన్నే పేటలు పేటలుగా పేని వాడేవాళ్లం.

నా కుట్లు చూసి ఆడబిడ్డకు నవ్వాగేది కాదు.

“వదినా, నీయి ఎక్స్‌ప్రెస్ బస్సు కుట్లు. గీడ ఆగితే మళ్ల నార్కట్‌పల్లిల్నే ఆగుడు.”

“నీయి మరి?”

“నాయి పల్లెవెలుగు. చెయ్యెత్తిన కాడల్ల ఆపుత.”

“ఇద్దరు ముచ్చట్లు బందువెట్టి కుట్టుండ్రి” అని అత్తమ్మ గదమాయించేది. తనే మళ్లీ ముచ్చట మొదలుపెట్టేది. ఏ గుడ్డ ఎవరిదో చెప్పేది. మా వైపు చంటిపిల్లల బొంతలో ఇంట్లో పెద్దవాళ్లు కట్టి విడిచిన బట్ట ఒకటైనా పెడతారు. వాళ్ల ఆయుష్షు పిల్లకు తగులుతుందని. మామయ్య పోయాక అత్తమ్మ దాచుకున్న పంచె ఒకటుంది. దాన్ని చిన్నదాని బొంతలో పెట్టానని ఆమె చెప్పినప్పుడు ఆడబిడ్డ దబ్బనం ఆపి కళ్లు తుడుచుకుంది. అందులో ఇంకేం పెట్టిందో నేను అడగలేదు. అడిగే ఆచారమూ లేదు.

ఆ సాయంత్రం పిల్ల ఏడుపు విని అత్తమ్మ వాకిట్లోంచి వచ్చింది. పెద్దది కూడా హోంవర్కు వదిలేసి వచ్చింది.

“ఎందుకేడుస్తాంది?”

“అత్తమ్మా, జర గీ బొంత వాసన సూడు.”

“ముసురుకు నానింది. ఎండ పొడిస్తే పోతది.”

“నానిన వాసన గాదు. సరిగ సూడు.”

“నా ముక్కు పని జేసిన్నాడు గద. నశ్యం పీల్సి పీల్సి అదెప్పుడో తలుపులేసుకుంది” అంటూనే వంగి చూసింది. ఏమీ తెలియలేదన్నట్టు తల ఊపింది.

అప్పుడు పెద్దది అంది, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. “అది నాయిన డ్యూటీ వాసనమ్మా. ఎప్పటినుంచో వస్తది. చెల్లె గందుకే గా బొంతనే కావాలంటది.”

నిజమే. తండ్రికి రాత్రి డ్యూటీలు పడ్డప్పటి నుంచి చిన్నది “నాయినా నాయినా” అని ఏడ్చి ఏడ్చి పడుకునేది. ఆ బొంత వచ్చాక ఏడుపు మానింది. దాన్ని ముఖం మీదికి లాక్కుని, అంచు నోట్లో పెట్టుకుని పడుకునేది. ఎంత మంచిగ అలవాటైందో అని మేము సంతోషపడ్డాం.

పెద్దదానికి ఫోను ఇచ్చి, చెల్లెను తీసుకుని ముందు గదిలో కూర్చొమ్మన్నాను. కత్తెర కోసం వెతికాను. కనబడలేదు. మా ఆయన గడ్డం బ్లేడు తెచ్చాను.

“ఏం జేస్తున్నవ్?” అంది అత్తమ్మ.

“ఇప్పుత.”

“దీపాలు పెట్టే యాళ్ల పిల్ల బొంత కోస్తవా? నీకేమన్న తెలివున్నదా? పొద్దుగాల ఇప్పుదాం.”

“పొద్దుగాల దాంక నేను ఆగలేను.”

“ఆగకుంటే బయట పడెయ్. బొంతనే గద, మళ్ల కుట్టుకుందం.”

“పడేస్తే లోపల ఏమున్నదో ఎట్ల తెలుస్తది? రేపు డాక్టర్‌కు ఏమని చెప్పాలె?”

నేను లైటు వేసి గుమ్మం దగ్గరికి బొంతను లాగాను. నా ఎక్స్‌ప్రెస్ కుట్లు సులువుగానే తెగాయి. ఆమె కుట్లే తెగలేదు. ఒక్కొక్క నూలు పేటను బ్లేడు మొనతో పైకి లేపి కోయాల్సి వచ్చింది. బ్లేడు పక్కకు జారుతోంది. ముందు గదిలో పిల్ల దగ్గుతోంది. దగ్గినప్పుడల్లా నా చెయ్యి ఆగిపోతోంది. అత్తమ్మ కాసేపు చూసి, నా చేతిలోని బ్లేడు లాక్కుంది.

“ఇటియ్యి. వేలు కోసుకుంటవ్.”

తను వేసిన కుట్లు తనే కోసింది. వరుస వెంట వరుస, తలెత్తకుండా. పైచీర లేచింది. దాని కింద పెద్దదాని చిన్నప్పటి గౌన్లు, నా పాత చున్నీ, మామయ్య పంచె. పంచె మడత విప్పగానే వాసన గుప్పుమంది. దాని కింద తెల్లటి మందపాటి గుడ్డ. చేతులు విప్పి పరిచిన చొక్కా. మణికట్టు దగ్గర ఎలాస్టిక్ అలాగే ఉంది. జేబు మీద పసుపు రంగు మరక గట్టిపడి పెచ్చులా ఉంది.

మా ఆయన ఫ్యాక్టరీలో వేసుకునే డ్రెస్సు. అది అక్కడే విడవాలి, అక్కడే ఉతుకుతారు, ఇంటికి తేవద్దని ఆయనే నాకు చెప్పాడు.

“ఇది ఇంట్లకెట్ల వచ్చింది అత్తమ్మా?”

ఆమె బ్లేడు కింద పెట్టింది.

“బండి డిక్కీల ఉండె. చినిగింది, బండి తుడుసుకునేటందుకు తెచ్చుకున్నడు. గంత మంచి గుడ్డ, నూనె తుడిస్తే పాడైతదని తీసిన. వేడినీళ్లల్ల సర్ఫేసి ఉతికిన బిడ్డా, ఉతకకుంటనా? మరక పోలే. లోపల పెట్టేదే గద అనుకున్న.” కోసిన నూలు పేటలను పక్కకు నెట్టింది. “పిల్ల నాయినా నాయినా అని ఏడుస్తుండె. తండ్రి విడిసిన బట్ట పక్కల ఉంటె పిల్లలు దడుసుకోరు. మా అత్త నాకు చెప్పింది. వీడు పసిగున్నప్పుడు నేను గట్లనే జేసిన. వాళ్ల నాయిన అంగిల నూలు వాసన, గంజి వాసన వస్తుండె.”

మా ఆయనకు ఫోను చేశాను. డ్యూటీలో ఫోన్లు లాకర్లలో పెట్టాలి కాబట్టి ఎత్తడని తెలిసి కూడా మళ్లీ మళ్లీ చేశాను.

అత్తమ్మ ఆ చొక్కాను చుట్ట చుట్టి లేచింది. “నీళ్ల పొయిల పెడుత.”

“వద్దు!” అని ఇల్లదిరేలా అరిచాను. “పొగ వస్తది. పిల్ల పీలుస్తది.”

ఆమె ఉలిక్కిపడి అక్కడే ఆగింది. నేను అంత గట్టిగా ఆమె మీద ఎప్పుడూ అరవలేదు. పెద్ద ప్లాస్టిక్ కవరు తెచ్చి పట్టుకున్నాను. చొక్కా అందులో వేసింది. గౌన్లు, చున్నీ, మా అమ్మ చీర, అన్నీ వేసింది. పంచె మాత్రం చేతిలో ఉంచుకుంది.

“దీనికి కూడ అంటిందా? నాకైతే తెలుస్తలేదు. నువ్వే సూసి చెప్పు.”

పంచె తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన రావట్లేదని చెప్పి ఆరేయవచ్చు. ఉతికి పెట్టెలో పెట్టుకుంటుంది, అంతే కదా. కానీ ఆ పెట్టెలోనే పిల్లల బట్టలు కూడా ఉంటాయి.

“వస్తాంది అత్తమ్మా.”

ఆమె పంచెను మడత మీద మడత వేసి, అది సరిగా మడత పడేదాకా సవరించి, కవరులో పెట్టి మూతి ముడేసింది. వానలోనే వెళ్లి గోడ అవతల పెట్టి వచ్చింది. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. నేను పిల్లకు వేడినీళ్ల స్నానం చేయించి, మంచం కిందంతా తడిగుడ్డతో తుడిచాను. అన్నాలు పెట్టేటప్పుడు ఆమె మెల్లగా అడిగింది.

“పొద్దుగాల పిల్లలకు ఏం జెప్తవ్? అవ్వ బొంతతోని దగ్గొచ్చిందంటె ఇగ నా పక్కల పంటరా?”

నేను పిల్ల వీపుకు మళ్లీ చెవి ఆనించాను. నిజానికి ఆమె గురించి ఆలోచించే తీరిక నాకు ఆ పూట లేదు. ధ్యాసంతా పిల్ల ఊపిరి మీదే ఉంది. తర్వాత డాక్టర్‌కు అంతా చెప్తే, అదే అయ్యుండొచ్చు, కాకపోనూవచ్చు, ఇగ దాన్ని దూరం పెట్టండి అన్నాడు. ఆ చలికాలానికి కూతలు తగ్గాయి. పూర్తిగా పోయాయని మాత్రం నేను ఇప్పటికీ అనను. ఇది రాస్తూ కూడా మధ్యమధ్యలో లేచి వెళ్లి దాని వీపుకు చెవి ఆనించి వస్తున్నాను. ఏమీ వినబడకపోయినా తృప్తి ఉండదు, ఇంకాసేపు వినాలనిపిస్తుంది.

ఆ రాత్రి గడిచి తెల్లారేసరికి వాన ఆగింది. చిన్నది లేస్తూనే చేతులతో మంచమంతా తడిమి, బొంత లేదని మూతి విరిచింది. పెద్దది గుమ్మంలో కూర్చుని షూస్ తొడుక్కుంటోంది. అత్తమ్మ వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ మా మాటలు వినబడే చోటే ఆగిపోయింది. ఇంకాసేపట్లో తండ్రి బండి చప్పుడు వినబడుతుంది. రోజూ ఆ చప్పుడుకు ఇద్దరూ ఉరికి, ఆయన బండి దిగకముందే కాళ్లకు చుట్టుకుంటారు. ఆయన కూడా చిన్నదాన్ని ఎత్తుకుని, దాని ముఖం తన చొక్కాకు అదుముకుని లోపలికి వస్తాడు.

ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

“అవ్వ బొంత మంచిగనే కుట్టింది. లోపల మేం పెట్టకూడని గుడ్డ ఒకటి పెట్టినం. నాయిన ఫ్యాక్టరీల వేసుకునే బట్ట అది. దానికి మందు అంటుకొని ఉంటది. చెల్లెకు పడలే, అందుకే తీసేసినం.”

“అవ్వ దగ్గర పండుకోవచ్చా?” అంది పెద్దది.

“ఎందుకు పండుకోవద్దు? పండుకోండి. ఇంకొక మాట. ఇయ్యాల్టి నుంచి నాయిన బండి రాంగనే ఉరకద్దు. గడప కాడనే నిలబడాలె. ఆయన ఎనకకు పోయి బట్టలిడిసి, స్నానం జేసి వచ్చినంకనే ఎత్తుకుంటడు.”

చిన్నదానికి సగం అర్థమైంది, ఏడవడానికి సిద్ధమైంది. పెద్దది షూ లేసు ముడేస్తూ అడిగింది.

“నాయిన ఒంటికి కూడ అంటుకొని ఉంటదా అమ్మా?”

“ఉంటది. స్నానం జేస్తే పోతది.”

“మొత్తం పోతదా?”

“పోతది బిడ్డా, మొత్తం పోతది” అని చెప్పాను.