ఎంగిలాకు ఎత్తిన టీచర్

టీచర్ ఆస్పత్రిలో పోయారన్న సంగతి నాకు మా భవనం వాళ్ళ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. దానికి పైన ఎవరో పాత సోఫా అమ్ముతామని పెట్టారు. కింద ఇంకెవరో బిర్యానీకి ఆర్డర్లు అడిగారు. ఆ రెంటి మధ్య ఒక దీపం బొమ్మ, "మన అమ్మ ఇక లేరు" అని ఒక ముక్క, ఆ తర్వాత వరసగా దండం పెట్టే చేతులు. ఆ చేతుల్లో ఒక్కటి కూడా ఆవిడ మంచాన పడ్డాక తలుపు తట్టలేదు. షార్జాలో నేనుండే మా అమ్మాయి ఇంటికీ టీచర్ ఇంటికీ ఎదురెదురు తలుపులు కాబట్టి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో నాకు తెలుసు. ఆ చేతుల బొమ్మలు చూసి ఫోను బోర్లా పెట్టేశాను.

ఆవిడ మలయాళంలో కథలూ నవలలూ రాసినవారు. కేరళలో బడిపంతులమ్మగా పనిచేశారు. భర్త పోయాక ఇక్కడ కొడుకు దగ్గరికి వచ్చారు. కొడుక్కి దుబాయ్ అవతల జెబెల్ అలీలో ఉద్యోగం. తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి, పొద్దుపోయాక వచ్చేవాడు. పగలంతా టీచర్‌కి తోడు సువార్త. నరసాపురం దగ్గర పల్లె నుంచి ఇంటిపనికి వచ్చిన మనిషి. టీచర్‌కి తెలుగు నేర్పింది ఆమే. అందుకని ఒక మలయాళ రచయిత్రి నోట అచ్చమైన గోదావరి జిల్లా యాస వినిపించేది. మొదటిసారి నన్ను పిలిచినప్పుడు, "ఏవండీ అకౌంటెంటమ్మగారూ, ఓ కప్పు టీ తాగెళ్ళండి, ఆయ్!" అన్నారు. నేను ఆడిట్ ఆఫీసులో చేసి రిటైరయ్యానని లిఫ్టులో ఎవరో చెప్పారట.

ఆడిట్ మనిషిని కాబట్టి లోపాలు కూడా రాస్తాను. ఆవిడ చెప్పిన వేళకి ఏనాడూ రాలేదు. నా స్టీలు డబ్బాలు తీసుకెళితే తిరిగి ఇచ్చేవారు కాదు. ఆవిడ పేరున్న నవల ఇంగ్లీషు అనువాదం నాకిచ్చి ఎలా ఉందని అడిగారు. మధ్యలో వంద పేజీలు అనవసరం అన్నాను. ఆవిడ, "నిజమేనండి. కానీ ఆ వంద పేజీలూ రాసిన రోజుల్లోనే నాకు సుఖంగా నిద్ర పట్టింది" అన్నారు. రచయితలు ఇంత తేలిగ్గా తప్పు ఒప్పుకుంటారని నేననుకోలేదు. ఆ మర్నాటి నుంచి రోజూ టీకి వెళ్ళాను.

ఆవిడ సంస్కరణ అంతా ఒక్క పని చుట్టూ తిరిగింది. విందులో తిన్నాక ఎవరి ఆకు వారే ఎత్తాలి. ఇంతేనా అని నేను కూడా అడిగాను. అప్పుడు చెప్పారు.

"నాకు ఇరవై ఏళ్ళండి. బడిలో పంతులమ్మగా అప్పుడే చేరాను. మా బంధువుల పెళ్ళి. పందిరి బయట ఒకామె గంప పట్టుకుని నిలబడింది. మేమంతా లేచాక ఆకులెత్తాలి, మిగిలింది ఇంటికి పట్టుకుపోవాలి. పందిట్లో అడుగు పెట్టి తినడానికి మాత్రం లేదు. ఆమె కూతురు నా క్లాసులో మొదటి బెంచీ. ఆ పిల్ల కూడా తల్లి పక్కనే నిలబడి నన్ను చూస్తోంది. సోమవారం నేను ఆ పిల్లకి ఏం పాఠం చెప్పాలండి? నా ఆకు నేనే మడిచి ఎత్తాను. పందిరి మొత్తం నా మీద విరుచుకుపడింది. మా నాన్న నా చెయ్యి పట్టుకుని ఇంటిదాకా ఈడ్చుకెళ్ళారు. ఆకు మాత్రం వదల్లేదు, ఆయ్!"

అక్కడి నుంచి ఆవిడని పెళ్ళిళ్ళకి పిలవడం మానేశారు. పిలవకపోయినా వెళ్ళేవారు. తినేవారు, ఆకెత్తేవారు, తిట్లు తినేవారు. బడిలో పిల్లలందరినీ ఒకే వరసలో కూర్చోబెట్టి ఎవరి ఎంగిలి వాళ్ళచేత తీయించారు. అన్నదమ్ములు మాటలు మానేశారు. ఆవిడ మొదటి కథ ఆ గంప ఆమె మీదే.

ఇక మా భవనం సంగతి. ఇక్కడి తెలుగు, మలయాళీ కుటుంబాలు కలిసి పెట్టుకున్న సంఘం ఒకటుంది. ఏటా హాలు మాట్లాడుకుని ఓణం విందు చేస్తారు. నేను వచ్చిన ఏడు, భోజనాలయ్యాక టీచర్ తన ఆకు మడిచి, రెండు చేతులా పట్టుకుని హాలు పొడుగునా నడిచారు. కార్యదర్శిగారు పరిగెత్తుకొచ్చారు.

"అమ్మా, మీరెందుకు? వదిలెయ్యండి. మనవాళ్ళున్నారు."

"మనవాళ్ళైతే పక్కన కూర్చోబెట్టండి బాబూ."

ఆ "మనవాళ్ళు" అంటే సంఘం సభ్యుల ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. మర్నాడు ఆవిడ వినేలాగే అనుకున్నారు, ముసలావిడ అతిథుల ముందు పరువు తీసిందని. మరుసటి ఏడు పిలుపు రాలేదు. "పెద్దవయసు, శ్రమ పెట్టడం ఎందుకని" అన్నారు నాతో. ఆ శ్రద్ధకి నాకు ఒళ్ళు మండిపోయింది.

కరోనా రోజుల్లో ఇంకో ముచ్చట. పనివాళ్ళు మామూలు లిఫ్టు ఎక్కకూడదు, సామాన్లు మోసే లిఫ్టులోనే రావాలి అని నోటీసు అంటించారు. చెత్త సంచులు కూడా అందులోనే దిగుతాయి. టీచర్ ఆ రోజు నుంచి మాస్కు పెట్టుకుని, కర్ర ఆనించుకుని, చెత్త లిఫ్టే ఎక్కేవారు. కార్యదర్శిగారి భార్య చూసి, "అయ్యో, అందులో వైరస్ ఉంటుందండీ!" అంది. "మీ లిఫ్టులోకి రాదా అమ్మా? జీతం అడిగి ఎక్కుతుందా?" అన్నారు టీచర్. కరోనా పోయింది. నోటీసు ఉంది. ఆవిడ చివరిదాకా ఆ లిఫ్టులోనే తిరిగారు.

పోయే ముందు నన్నూ సువార్తనూ మంచం దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పారు. "నా పేరు చెప్పి వీళ్ళు భోజనాలు పెడతారు. వద్దన్నా మానరు. పెట్టనివ్వండి. సువార్త వరసలో కూర్చోవాలి. దీని చేత ఎవరి ఆకూ ఎత్తించకూడదు. అకౌంటెంటమ్మగారూ, మీ పూచీ."

నేను సరే అన్నాను. అనడం తేలికే. సువార్త వీసా టీచర్ కొడుకు పేరున ఉంది. అంటే ఆమెకి కఫీల్, వీసాకి పూచీ పడే యజమాని, అతనే. తల్లి పోయాక అతనికి ఇంట్లో మనిషి అవసరం లేదు. అందుకని ఆమెని కార్యదర్శిగారి ఇంటికి మార్చే మాట నడుస్తోంది. ఆ భోజనాలు పెట్టేది ఆ కార్యదర్శీ, ఆయన భార్యే. వాళ్ళు కాదంటే సువార్త తిరిగి ఊరికి పోవాల్సిందే. ఊళ్ళో ఆమె పంపే డబ్బు మీదే ఇల్లు గడుస్తోంది.

సంతాప సభ రోజు హాల్లో ఎదురుగా ఫ్లెక్సీ కట్టారు. టీచర్ కొడుకు కర్మకి కేరళ వెళ్ళి ఉన్నాడు. టీచర్ ఫోటో, కింద ఎర్రటి అక్షరాల్లో "ఎవరి ఆకు వారే". మైకు ముందు కార్యదర్శిగారి భార్య పట్టుచీరలో నిలబడి, "ఆమె నాకు అమ్మ, ఆమె బాటే నా బాట" అని కళ్ళు ఒత్తుకుంది. ఓణానికి పిలవద్దన్నది ఈమే. పక్కవాళ్ళు చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లు!

అరిటాకులు పరిచారు. ఫోటో ముందు కూడా ఒక ఆకు వేసి, పోయినావిడకి అన్నీ వడ్డించారు. నేను సువార్తని నా పక్కన కూర్చోబెట్టాను. కార్యదర్శిగారి భార్య చూసి వచ్చింది.

"పెద్దమ్మగారూ, పనివాళ్ళకి ఆఖర్న పెడతామండీ."

"ఈమె పనికి రాలేదమ్మా. చావింటి మనిషిగా వచ్చింది. వడ్డించమను."

నలుగురూ చూస్తున్నారు. ఆమె నవ్వి, వడ్డించేవాళ్ళకి సైగ చేసింది. సువార్త తలెత్తకుండా తింది. రెండోసారి అన్నం అడగడానికి మొహమాటపడుతుంటే నేనే అడిగాను.

భోజనాలయ్యాయి. అందరూ లేచారు. ఒక్కరూ వంగలేదు. చేతులు కడుక్కుని, ఫ్లెక్సీ ముందు నిలబడి ఫోటోలు దిగారు. ఇందాక ఆవిడ గురించి కవిత చదివిన పెద్దమనిషి తన ఆకు మీద ఐస్‌క్రీం కప్పు కూడా పడేసి వెళ్ళాడు. హాలంతా పాయసం కారుతున్న ఆకులు, వాటి మీద నలిపి పడేసిన టిష్యూలు. ఆకులెత్తడానికి మనుషుల్ని మాట్లాడలేదట. "మన అమ్మాయిలు ఉన్నారుగా" అనుకున్నారట. తీరా చూస్తే పనివాళ్ళలో సువార్త తప్ప ఇంకెవరూ రాలేదు.

నేను నా ఆకు మడుస్తుండగా కార్యదర్శిగారి భార్య సువార్త దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అంది. "కూర్చుని తిన్నావు కదా. యల్లా, కానియ్, ఆకులెత్తు. సాయంత్రం మా సార్‌తో నీ వీసా సంగతి మాట్లాడతాను."

సువార్త నావైపు చూసింది. పూచీ పడ్డది నేను. కానీ పోయేది నా కూడు కాదు. నేను ఎత్తవద్దని చెప్పి నా గదికి నేను వెళ్ళిపోతే, రేపు ఆమె ఇంటికి ఏం పంపుతుంది? "నీ ఇష్టం సువార్తా. నువ్వు ఎత్తినా టీచర్ నిన్ను తప్పు పట్టరు" అన్నాను.

ఆమె తన ఆకు ఎత్తి, బయట చెత్త తొట్టిలో వేసి, చేతులు కడుక్కుని వచ్చింది. ఆ ఎంగిలి వరస పక్కనుంచి చివరిదాకా నడిచింది. కార్యదర్శిగారి భార్య ముఖం విప్పారింది. సువార్త ఫోటో ముందు ఆగి, కింద కూర్చుని, అక్కడ వేసిన ఆకు ఒక్కటే జాగ్రత్తగా మడిచి రెండు చేతులా ఎత్తుకుంది.

"అదేంటి? ముందు ఇవి తియ్యి."

"టీచరమ్మగారు లేచి ఎత్తుకోలేరు కదండి. ఆవిడది నేను ఎత్తుతానండి. మిగతావాళ్ళందరికీ చేతులున్నాయి కదండీ."

"ఏంటే ఆ పొగరు? అయితే మా ఇంటికి రానక్కర్లేదు. ఖలాస్."

"అలాగేనండి" అంది సువార్త. ఆకు పట్టుకుని గుమ్మం వైపు నడిచింది.

నేను నా ఆకు పట్టుకుని ఆమె వెనకే బయటికి వచ్చాను. మధ్యాహ్నపు ఎండ. పార్కింగు చివర చెత్త తొట్టి. నా ఆకు అందులో వేశాను. సువార్త టీచర్ ఆకును వెయ్యలేక కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత గోడవారన నీడ చూసి, అక్కడ పరిచింది. పిల్లులు వచ్చాయి.

"ఇప్పుడేం చేస్తావే?"

"ఫుజైరాలో మా పిన్ని పనిచేసే వీధిలో ఒక నర్సమ్మ మనిషిని ఎతుకుతున్నారంటండి. జీతం తక్కువేనంటండి. అడుగుతానండి." కళ్ళు తుడుచుకుంది. "లేదంటే ఊరెళ్ళిపోతానండి, మరేం చేస్తాను."

టీచర్ కొడుకుతో మాట్లాడటం నా పని అని చెప్పాను. వీసా మారేదాకా ఆమెని పంపవద్దని అడుగుతాను. ఈ రాత రాసేటప్పటికి అతను సరేనన్నాడు. నర్సమ్మ నుంచి జవాబు ఇంకా రాలేదు.

బయల్దేరుతూ వెనక్కి చూశాను. అద్దాల తలుపులోంచి హాలు కనిపిస్తోంది. కార్లు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. హాలు మనిషి తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి గడియారం చూపిస్తున్నాడు. ఆకుల వరసల మధ్య కార్యదర్శిగారి భార్య ఒక్కతే, పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో ఎవరిదో ఎంగిలాకును రెండు వేళ్ళతో చివర పట్టుకుని దూరంగా చాచి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నాలుగు వైపులా చూస్తోంది.