కార్వేటినగరంలో కాఫీ పూత

చంద్రకాంతమ్మ ఏర్కాడు కొండల్లో పెరిగింది. అక్కడి కాఫీ తోటలో ఆమె నాయన మేస్త్రీ. కార్వేటినగరం కోడలై వచ్చాక అత్తింటి మామిడి తోటలో, చెట్ల నీడన కాఫీ మొక్కలు నాటింది. ఈ ఎండలకు బతకవని ఊరంతా చెప్పినా వినకుండా, ఏళ్ల తరబడి బిందెలతో నీళ్లు మోసింది.

రెండువేల మూడు వేసవి మొదట్లో చెట్లు తొలిసారి తెల్లగా పూశాయి. పిందె పట్టేలోగా బావి ఎండిపోయింది. వాన పడలేదు. పూత మాడి రాలింది, ఆకులు ముడుచుకుపోయాయి.

"ఇంక చాలు మే, పీకేద్దాం," అన్నాడు భర్త సుబ్రమణ్యం.

"నువ్వు ముట్టగాకు. నేను పెట్టినవి, నేనే పీకతా."

ఒక్కో చెట్టూ పెరికి గట్టున వేసింది. చివరి చెట్టు దగ్గర కూలబడి ఏడుస్తూ, "నాయన సచ్చిపోయినప్పుడు గూడా ఇంత ఏడవలేదు," అంది.

తర్వాత ఆ తోటలో అడుగుపెట్టలేదు. మామిడి కోతకు కూడా సుబ్రమణ్యం ఒక్కడే వెళ్లేవాడు.