ఇవ్వని తాళంచెవి

బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపుకు వెళ్ళే బస్సులో, గ్రీజు మరకల చొక్కాతో నా పక్కన కూర్చున్న మెకానిక్ పేరు నేను అడగలేదు. అతని ఫోను ఆగకుండా మోగుతోంది. చివరికి ఎత్తాడు.

"మాఫీ, కుదరదు, ఫోర్‌మన్ అన్నా! పైపు మార్చేదాంక చాబీ ఇయ్య. ఇంటికి పంపుతవా? పంపు!" అని పెట్టేశాడు.

"ఏమైందండీ?" అన్నాను.

"పాత అమెరికా కారు సార్. కార్బురేటర్ తీసేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టినం. కొత్త పంపు పెట్రోల్‌ను మస్తు జోరుగ కొడ్తది. పాత రబ్బరు పైపు దానికి ఆగది, పగుల్తది. వేడి ఇంజన్ మీద పడ్డదంటే బండి అంటుకుంటది. కొత్త పైపు వచ్చేదాంక ఆగుమంటే, 'యల్లా, ఇయ్యాల్నే ఇచ్చెయ్' అంటున్నడు. అండ్ల కూసునేది ఆయన కాదు గద!"

పిడికిలి విప్పి చూపించాడు. కారు తాళంచెవి. ఫోను మళ్ళీ మోగింది. అతను పిడికిలి మూసుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

వెస్ట్ బేలో కట్టడాలు తనిఖీ చేసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. ఆ రోజు నుంచి, తనిఖీ పూర్తికాకముందే ఎవరైనా "యల్లా సార్, పెట్టెయ్యండి" అని తొందరపెడితే, పెన్నుకి మూత పెట్టి జేబులో వేసుకుంటాను. ఫోను ఎంత మోగుతుందో మోగనీ.