వాపసొచ్చిన కరెంటు గంట

ముందే చెబుతున్నాను... ఇది జరిగింది. నాకే జరిగింది. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసినవాణ్ని. ఏదైనా మోగితే ఎందుకు మోగిందో, మోగకపోతే ఎందుకు మోగలేదో చెప్పడమే నా బతుకుతెరువు. అలాంటివాణ్ని అమ్మతోడు చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. కల్పించే ఓపిక ఆ రోజుల్లో నాకు లేదు. అంత అలసిపోయి ఉండేవాణ్ని.

ఎనభైల్లో మాట. వరంగల్ స్టేషన్ రోడ్డు వెనక సందులో ఒక అద్దె గది. పగలంతా మోటార్ వైండింగ్ షాపులో పని. సాయంత్రం నుంచి సొంత వ్యాపారం. వ్యాపారం అంటే... కరెంటు గంట.

అప్పట్లో పల్లెల్లో మోటార్లకు కరెంటు రాత్రిపూట వచ్చేది. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. రైతులు బల్బు స్విచ్ వేసి ఉంచి పడుకునేవారు. బల్బు వెలిగితే లేచి బావి దగ్గరికి వెళ్లి మోటారు వేయాలి. కానీ పొద్దంతా మిర్చి చేలో వంగి పనిచేసిన మనిషి బల్బు వెలిగితే లేస్తాడా? లేవడు. అందుకే ఈ గంట తయారు చేశాను. కరెంటు రాగానే మోగుతుంది. ఎవరో ఒకరు లేచి మీట నొక్కేదాకా ఊరుకోదు. ఒక వ్యవసాయ పత్రికలో చిన్న ప్రకటన వేశాను. ఉత్తరం రాసిన వాళ్లకు వీపీపీలో పంపేవాణ్ని. పోస్ట్‌మ్యాన్ చేతిలో డబ్బు పెట్టి పార్శిల్ తీసుకోవడమే.

అమ్మడం తేలికే. వాపసులే ప్రాణం తీసేవి.

పగిలినవి, సొట్టపోయినవి, తడిసినవి, చీమలు పట్టినవి... గోనెసంచిలో పోగు పడేవి. ఒకదాంట్లో తేలు వచ్చింది. ఇంకొకాయన నిద్ర చెడగొడుతోందని కోపమొచ్చి గంటను రోకలితో కొట్టి, 'దారిలో పగిలింది' అని రాసి పంపాడు. గంట గిన్నె మీద రోకలి పొన్ను ముద్ర గుండ్రంగా కనిపిస్తూనే ఉంది. అన్నిటికీ జవాబు చెప్పాలి. బాగు చేయాలి, లేదా కొత్తది పంపాలి. నాతో గదిలో ఉండే భాస్కర్ ఎనుమాముల మార్కెట్ దగ్గర లారీ ఆఫీసులో గుమాస్తా. వాడు రోజూ అనేవాడు.

"నువ్వు గంటలు అమ్ముతలేవ్ రా బై. పగిలిన గంటలు కొంటున్నవ్."

ఒక సాయంత్రం ఒక మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. నా వయసే ఉంటుంది. చేతిలో తువ్వాలు మూట. పేరు సమ్మయ్య. వర్ధన్నపేట అవతల ఊరు. రైతు.

"సారు, గంట వాపస్ తీసుకో."

"మోగుతలేదా?"

"మోగుతాంది."

"మరి?"



"కరెంటు లేనప్పుడు మోగుతాంది సారు."

నేను నవ్వాను. అతను నవ్వలేదు. తువ్వాలు విప్పాడు. నా గంటే. గిన్నె అంచున పగులు. వైరు రెండు కొసలూ తెగి వేలాడుతున్నాయి.

ఆ గంట కొన్నది వాళ్ల నాన్న మల్లయ్యట. ఆయనను జ్వరంతో దవాఖానకు తీసుకుపోయిన రోజు ఎవరి భుజమో తగిలి గంట గోడ మీది నుంచి పడింది. ఆయన తిరిగి రాలేదు. సమ్మయ్య గంటను తీసి గూట్లో పడేశాడు.

"వైరు లేదు సారు. గూట్లెకెళ్లే మోగుతాంది. మోగంగనే మా అవ్వ లేస్తది. చీకట్ల ఒక్కతే బాయికాడికి పోతది. గోడ లేని బాయి. ఆమెకు సరిగ కండ్లు కానరావు. ఏనాడో ఒకనాడు..." అవ్వ అంటే వాళ్ల అమ్మ.

"అవ్వ పోయి ఏం చేస్తది మరి, కరెంటు లేకుంటే?"

"గదే సారు. ఆమె ఆడికి పోయేసరికి కరెంటొస్తది."

నాకు వాదించే ఓపిక లేదు. ఎలక చప్పుడునో, నిద్రమత్తులో కలనో గంట మోత అనుకున్నారని నిర్ణయించుకున్నాను. కొత్త గంట చేతిలో పెట్టాను. పాతది బల్ల మీద పెట్టుకున్నాను. సమ్మయ్య మెట్లు దిగుతూ ఒకసారి వెనక్కి తిరిగి దాన్ని చూశాడు... మనిషిని వదిలి పోతున్నట్టు.

ఆ రాత్రే కరెంటు పోయింది.

భాస్కర్ తెర వెనక గురక పెడుతున్నాడు. ఉక్క. నాకు నిద్ర ముంచుకొస్తోంది, కానీ పొద్దున్నే పోస్టులో వేయాల్సినవి ఉన్నాయి. కిరసనాయిలు చిమ్నీ వెలిగించి సమ్మయ్య గంట మూత విప్పాను. లోపల ఏముంటుందో నాకు నోటికి వచ్చు. ఒక కాయిల్. ఒక స్ప్రింగు. ఒక సుత్తి. ఒక మీట. బయట గిన్నె. అంతే. బ్యాటరీ లేదు. కరెంటును నిలవ ఉంచుకునే సామాను ఏదీ లేదు. మీటరు పెట్టి కాయిల్ చూశాను. ముల్లు కదల్లేదు. లోపల ఎక్కడో తీగ తెగిపోయింది. అంటే... కరెంటు ఇచ్చినా మోగని గంట అది.

పక్కన పెట్టేశాను. ఇంకో వాపసు చేతిలోకి తీసుకున్నాను.

ముందు చప్పుడు కాదు. నీడ.

గోడ మీద సుత్తి నీడ... వణికింది. చిమ్నీ మంట ఊగిందనుకున్నాను. మంట వైపు చూశాను. నిలకడగా ఉంది. మళ్లీ గోడ వైపు చూశాను. నీడ వణుకుతోంది.

తర్వాత... ఒక్క దెబ్బ. చిన్నది. గోరుతో గిన్నెను తట్టినట్టు.

ఆగింది.

ఇంకో దెబ్బ... ఇంకోటి... ఆ తర్వాత ఒక్కసారిగా మోగింది. పగిలిన గిన్నె కదా, గణగణ కాదు. గర్ర్ర్... మని, గొంతు పోయిన మనిషి పిలిచినట్టు.

తెర వెనక భాస్కర్ కదిలాడు. "కరెంటొచ్చిందా? ఫ్యాన్ వేయ్ రా..." అన్నాడు నిద్రలోనే.

బల్బు వైపు చూశాను. నల్లగా ఉంది.

బల్ల కింద చెయ్యి పెట్టి చూశాను. బల్ల కదలడం లేదు. బయట లారీ లేదు. రైలు లేదు. కిటికీ మూసి ఉంది. వైరు కొసలు రెండూ గాలిలో, దేనికీ తగలకుండా. గంట మోగుతూనే ఉంది. సుత్తిని వేలితో పట్టుకున్నాను. నా వేలి కింద అది కొట్టుకుంటోంది... జ్వరమొచ్చినవాడి నాడిలా. వేడిగా లేదు. చల్లగానూ లేదు. ఏదో పని మీద ఉన్నట్టుంది, అంతే.

ఏం చేయాలో తోచక మీట నొక్కాను. ఆ మీటకు వైరు లేదు. నొక్కితే ఏమీ కాకూడదు.

ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం... అది మోతకంటే ఘోరం. చిమ్నీ వత్తి చిటపట వినిపించింది. కుర్చీలో అలాగే ఉండిపోయాను. బావి దాకా ఒక ముసలామె నడిచి వెళ్లేంత సేపు ఉన్నానేమో... ఆ లెక్క ఎందుకు వేసుకున్నానో నాకే తెలియదు.

అప్పుడు బల్బు వెలిగింది.

తెల్లారి భాస్కర్‌ను అడిగాను. "మోగింది గద. నువ్వే టెస్టింగ్ చేస్తున్నవ్ అనుకున్న. నీ గంటలు పాడుగాను" అన్నాడు. గంటను గుడ్డలో చుట్టి గోడ పై అరలో పెట్టాను. అది ఉన్నన్నాళ్లూ కరెంటు పోయినప్పుడల్లా సందులోకి వెళ్లి నిలబడేవాణ్ని. అందుకే అది ఇంకోసారి మోగిందో లేదో చెప్పలేను.

కొన్నాళ్లకు రాజవ్వే వచ్చింది. సమ్మయ్య తల్లి. బక్కపల్చటి మనిషి. మెట్టు మెట్టుకూ గోడ తడుముకుంటూ ఎక్కింది. వెనక సమ్మయ్య. ఆమె కొంగులోంచి నా కొత్త గంట తీసి బల్ల మీద పెట్టింది.

"బిడ్డా, ఇది మంచిగ లేదు."

"ఏమైంది అవ్వా?"

"కరెంటొచ్చినంక మోగుతాంది."

ఎన్నో ఫిర్యాదులు విన్నాను. ఇలాంటిది వినలేదు.

"గంటంటే గంతే గద అవ్వా."

"గంతే అయితే నాకెందుకు? నేను లేచి, చెప్పులు దేవులాడుకొని, బాయికాడికి పోయేసరికి సగం కరెంటు అయిపాయె. ముసలాయన గంట జర ముందే లేపేది. నా నడక సంగతి ఆయనకెరుకే."

ఆమె భుజం వెనక నుంచి సమ్మయ్య 'వద్దు' అన్నట్టు తల ఊపుతున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇస్తే ఈమె మళ్లీ చీకట్లో ఆ బావి దగ్గరికి పోతుంది. ఇవ్వకపోతే... ఆమె చెయ్యి అప్పటికే పైన ఉన్న గుడ్డ మూట వైపు చాచి ఉంది. అందులో ఏముందో నేను చెప్పలేదు.

దించి ఇచ్చాను. ఒక షరతు మీద.

"మోగితే నువ్వు పోవద్దు అవ్వా. కొడుకును లేపు. వాడే పోతడు."

"వీడా? దవడ మీద గొట్టినా లేవడు వీడు, అయ్య లెక్కనే."

"నీళ్లు సల్లి లేపు."

ఆమె నవ్వింది. పళ్లు లేని నవ్వు. "సరే బిడ్డా. మాట" అంది.

సమ్మయ్య ఆమెను కిందికి దించి మళ్లీ పైకి వచ్చాడు. "బంద్ చెయ్యమని తెస్తే మళ్ల మా నెత్తినే పెడితివి గద సారు" అన్నాడు. అవ్వకు పెట్టిన ఆ షరతు తప్ప ఆ గంటకు నాకు ఇంకో రిపేరు తెలియదు.

ఎండాకాలంలో సమ్మయ్య మళ్లీ వచ్చాడు. ఒక్కడే. గుండు చేయించుకుని ఉన్నాడు. నాకు అర్థమైంది. బావి... అనుకున్నాను.

"బాయిల గాదు సారు" అన్నాడు, నా మొహం చూసి. "మంచంలనే."

నీళ్లిచ్చాను. తాగాడు. నెమ్మదిగా చెప్పాడు.

"అవ్వ మాట దప్పలే. మోగినప్పుడల్లా నన్నే లేపేది. నేనే పోయేటోన్ని. పోతే కరెంటొచ్చేది. ఆ రాత్రి గూడ మోగింది. అవ్వ లేపకుండనే నాకు మెలకువొచ్చింది. చూస్తే అవ్వ మంచం మీద కూసొని ఉంది. పోవాల్నా అవ్వా, అన్న. 'ఇది మోటరుకు గాదు బిడ్డా... నువ్వు పండుకో' అన్నది."

"పండుకున్నవా?"

"పండుకున్న. నిద్రల ఉన్న గద సారు. ఆ రాత్రంత కరెంటు రాలే. తెల్లారి చాయ్ తాగుమని లేపితే..."

తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అదే తువ్వాలులోంచి గంట తీసి నా ముందు పెట్టాడు.

"అప్పట్నుంచి మోగుతలేదు. జర చూడు సారు."

నేను చూశాను. నాకు వచ్చిన పని అదే కాబట్టి చేశాను. తెగిన కాయిల్ తీసి కొత్తది చుట్టాను. స్ప్రింగు సరిచేశాను. వైరు కలిపి ప్లగ్గులో పెట్టాను. గర్ర్ర్... మని మోగింది. మీట నొక్కాను. ఆగింది. మళ్లీ పెట్టాను. మోగింది.

"మోగుతాంది గద సమ్మయ్యా" అన్నాను.

అతను తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"కరెంటిస్తే ఏదైనా మోగుతది సారు" అన్నాడు.

దాన్ని తీసుకోకుండానే వెళ్లిపోయాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆ వ్యాపారం మానేశాను. మిగతా వాపసులన్నీ పాత సామాను వాడికి వేశాను. అదొక్కటి ఇప్పటికీ నా దగ్గర ఉంది. వైరు లేకుండా, గోడకు తగిలించి. కరెంటు పోయిన రాత్రి మా ఇంట్లో అందరూ బల్బు వైపు చూస్తారు. నేను దాని వైపు చూస్తాను. మోగదు.

ఎన్నోసార్లు మూత విప్పాను. కాయిల్, స్ప్రింగు, సుత్తి, మీట, గిన్నె. అన్నీ బాగున్నాయి. ఏ పార్టు పోయిందో... ఇప్పటికీ నాకు తెలియదు.