కళ్ళు మూయని ప్రార్థన

మా నాంపల్లి క్రేన్ కంపెనీ మేస్త్రీ బరువు లేపే ముందు ప్రతిసారీ ప్రభువుకు ప్రార్థన చేసేవాడు. కళ్ళు మాత్రం మూసేవాడు కాదు. హుక్కునే చూస్తూ గొణిగేవాడు.

ఆబిడ్స్‌లో ఒక దుకాణం డాబా మీదికి జనరేటర్ ఎక్కిస్తున్న రోజు, దుకాణం సేటు అడగనే అడిగాడు.

"ఏంది మేస్త్రీ, పాస్టర్లు సుత కళ్ళు మూసుకునే చేస్తరు గదా?"

"పాస్టర్ల నెత్తి మీద రెండు టన్నుల బరువు వేలాడ్తదా సేటు?"

ఆయన ఉన్నన్నాళ్ళూ మేం దేన్నీ కింద పడెయ్యలేదు. అందులో దేవుడి వాటా ఎంతో మాకు తెలియదు.

మొన్న ఆయన శవపేటికను చర్చివాళ్ళు తాళ్ళతో గోతిలోకి దించుతుంటే, పాస్టరుగారు అందరినీ కళ్ళు మూసుకొమ్మన్నారు. చుట్టాలు మూసుకున్నారు. మా కంపెనీవాళ్ళం ఒక్కరమూ మూయలేదు.

పాస్టరుగారు ఆమెన్ అనకముందే మా క్రేన్ ఆపరేటరు గొంతు లేచింది.

"జర ఆగుండ్రి. తలదిక్కు తాడు జారుతున్నది."