ప్రోగ్రెస్ కార్డులో రాసిన మాట

పలమనేరు దగ్గర ఒక పల్లెలో, రేకుల కప్పు వేసిన ప్రాథమిక పాఠశాలలో తొమ్మిదేళ్లు పనిచేశాను. పిల్లలు ఏం చదువుతున్నారో, ఎక్కడ వెనకబడ్డారో ఇంట్లోవాళ్లకి తెలియాలని నాకు పట్టుదల. తల్లిదండ్రుల సమావేశం ఏనాడూ మానలేదు. ఆ వారం పాఠాలు వాట్సాప్ గ్రూపులో పెట్టేదాన్ని. చదవడం రాని తల్లుల కోసం అవే మాటలు నా గొంతుతో రికార్డు చేసి పంపేదాన్ని. ఆ విషయంలో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ పాప రెండో తరగతిలో నా దగ్గరికి వచ్చింది. నూనె రాసి బిగించి అల్లిన రెండు జడలు, సన్నటి చేతులు. నేను పాఠం చెబుతున్నంతసేపూ నా మొహంలోకే చూసేది. తీరా డిక్టేషన్ పెడితే 'పలక' అన్నదానికి 'చిలక' అని రాసేది. పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి తల కూడా ఎత్తేది కాదు. పొగరనుకున్నాను. ప్రోగ్రెస్ కార్డులో "చెప్పిన మాట వినదు, శ్రద్ధ లేదు" అని రాశాను. మూడో తరగతిలోనూ అదే రాశాను.

వాళ్లమ్మ రెండు ఆవుల్ని పెట్టుకుని పాల కేంద్రంలో పాలు పోసేది. నాయన శ్రీ సిటీలో ఒక కంపెనీలో పని, పదిహేను రోజులకోసారి వచ్చి పోయేవాడు. సమావేశానికి ఆమె ఎప్పుడూ అందరికంటే ముందే వచ్చి గోడవార కూర్చునేది. ఒకసారి నేను కార్డు చదివి వినిపించాక మెల్లగా అంది:

"మేడమ్, పాపకి సెవిలో చీము కారతా ఉండాది. నూనె కాంచి పోస్తా ఉండాను. దానివల్ల ఏమన్నా..."

ఆమె వెనక ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు. "ఆస్పత్రిలో చూపించండమ్మా. ముందు రోజూ దగ్గర కూర్చోబెట్టి చదివించండి" అని తర్వాతి కార్డు చేతిలోకి తీసుకున్నాను. ఆమె తలూపి లేచిపోయింది. ఆ మాట మళ్లీ నేనూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు.

ఆ యేడు కార్తీకంలో తుపాను పట్టుకుంది. రేకుల మీద వాన పడుతుంటే నా మాట నాకే వినిపించడం లేదు. గొంతు చించుకోలేక, ఆ పూటంతా లెక్కలూ ప్రశ్నలూ బోర్డు మీదే రాసి, సైగలతో చెప్పాను. సాయంత్రం నోటు పుస్తకాలు దిద్దుతుంటే ఆ పాప పుస్తకం వచ్చింది. ఒక్క తప్పు లేదు. ఎవరిదో చూసి రాసిందేమో అనుకుని పక్క పిల్ల పుస్తకం తీశాను. దాంట్లో నాలుగు తప్పులున్నాయి.

మర్నాడు వాన తెరిపిచ్చింది. పాప రాసుకుంటుంటే వెనక్కి వెళ్లి పేరు పిలిచాను. కదల్లేదు. ఇంకా గట్టిగా పిలిచాను. తరగతంతా తిరిగి చూసింది. ఆ పిల్ల ఒక్కతే తలొంచుకుని గుండ్రంగా అంకెలు దిద్దుకుంటూ ఉంది.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. తల్లి పాలు పితుకుతోంది. నన్ను చూసి కంగారుగా లేచింది.

"మళ్లా ఏం చేసింది మేడమ్ ఇది?"

"ఏం చేయలేదమ్మా. పాపకి సరిగ్గా వినబడడం లేదు. నేను పోల్చుకోలేకపోయాను."

ఆమె చేతిలో పాలచెంబు అట్లే ఉండిపోయింది.

"కొట్టినాను మేడమ్," అంది. "మీరు కార్డు సదివిన ప్రతిసారీ ఇంటికొచ్చి కొట్టినాను. చెప్పింది యాల వినవు అని చెంప మీదనే కొట్టినాను."

పాప వాకిట్లో దూడతో ఆడుకుంటోంది. మేం తన గురించే మాట్లాడుకుంటున్నామని దానికి తెలియదు.

తిరుపతిలో పెద్దాసుపత్రికి ముగ్గురం కలిసి వెళ్లాం. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు చెప్పాడు, కుడి చెవి దాదాపు పోయిందని, ఎడమది సగమే మిగిలిందని. చీము పట్టిన మొదట్లోనే మందులు వాడివుంటే ఇంతదాకా వచ్చేది కాదన్నాడు.

"ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారమ్మా? స్కూల్లో ఎవరూ మీకు చెప్పలేదా?" అని అడిగాడు.

నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను.

"చెప్తానే ఉండారు సార్," అంది ఆమె. "నాకే తెలిసిరాలేదు."

నోరు తెరిచి, తప్పు నాదని చెప్పాల్సింది. చెప్పలేదు. తిరుగు బస్సులో పాప తల్లి ఒళ్లో నిద్రపోయాక చెప్పాను. రెండేళ్లు నేనే మాట్లాడానని, ఆమె ఒక్క మాట చెప్పబోతే దాన్ని పట్టించుకోలేదని. ఆమె కిటికీలోంచి చూస్తూ, "మీకు అంతమంది బిడ్డలు మేడమ్. నాకు ఇదొకటే గదా, నేను కనిపెట్టాల్సింది" అంది. తిట్టివుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

చెవి మిషన్ వచ్చింది. పిల్లలు వేలుపెట్టి చూపిస్తున్నారని పాప దాన్ని తీసి పౌడరు డబ్బాలో దాచేది. బతిమాలి పెట్టించేవాళ్లం. ముందు బెంచీలో కూర్చోబెట్టి, మొహం చూపిస్తూ చెబితే బాగానే చదివింది. ఆరో తరగతికి హైస్కూలుకి పోయినప్పుడు నేనే వెళ్లి అక్కడి టీచర్లందరికీ చెప్పి వచ్చాను.

ఇప్పుడు వేరే బడిలో ఉన్నా, సమావేశాల్లో కార్డు ముట్టుకోకముందే "ఇంట్లో బిడ్డ ఎట్లా ఉండాది, చెప్పండి" అని అడుగుతున్నాను. వాళ్లు చెప్పేదాకా కూర్చుంటాను. ఒక్కో రోజు చీకటి పడుతుంది.

పోయిన నెల పలమనేరు బస్టాండులో ఆ తల్లి కనిపించింది. పాప ఎట్లుందని అడిగాను.

"మార్కులు బాగానే తెస్తాది మేడమ్," అంది. "మాటలే తగ్గించేసింది. పలకరిస్తే నవ్వుతాది, అంతే. వాళ్ల నాయన ఫోన్ చేసినా తీసుకోదు, ఫోన్‌లో మొగం కనబడదు గదా."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కూర్చుని, కిటికీలోంచి నాకు నమస్కారం పెట్టింది.