వెలుగు తగ్గినప్పుడు

మా ఇంట్లో పట్టపగలు వెలుగు తగ్గిందంటే ఎవరూ కూర్చున్న చోట ఉండరు. తింటున్నవాళ్లు ఎంగిలి చేత్తోనే వాకిట్లోకి వస్తారు. తల దువ్వించుకుంటున్న ఆడపిల్ల సగం జడతో వస్తుంది. మడకశిర వైపు మెట్ట పొలాల మీద బతికినవాళ్లందరిదీ ఇదే తీరు. మబ్బు పట్టిందని ఒకరికొకరు చెప్పుకోం. లేచి పోయి తలెత్తి చూస్తాం, అంతే. చాలాసార్లు ఆ మబ్బు కర్ణాటక దిక్కుకు వెళ్లిపోతుంది. మళ్లీ లోపలికొచ్చి చల్లారిన సంగటి తింటాం.

ఈ అలవాటు వల్ల నేను యాభై ఏళ్ల వయసులో ఒక పరీక్ష తప్పుతానని ఎవరనుకుంటారు?

బోర్లు వేసే లారీలు తిప్పి నాలుగు రాళ్లు వెనకేసుకున్నాక, నలభై దాటిన వయసులో నాకు విమానం పిచ్చి పట్టింది. బెంగుళూరులో ఒక ఫ్లయింగ్ క్లబ్బులో చేరి, సొంతానికి నడుపుకునే లైసెన్సు తెచ్చుకున్నాను. నాకు శని పట్టిందని నా భార్య అందరికీ చెప్పింది. రెండువేలు దాటిన కొత్తలో సంగతి ఇది. అయితే ఆ లైసెన్సుతో మబ్బులోకి పోకూడదు. బయట ఏమీ కనపడకపోయినా, ఎదురుగా ఉన్న డయళ్ల ముళ్లు చూసి నడపగలనని మరో పరీక్షలో నిరూపించుకోవాలి. దాన్ని ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అంటారు.

ఈ సంగతి నాయనకు చెప్పాను. అప్పటికే ఊపిరితిత్తులు దెబ్బతిని మంచం పట్టి ఉన్నాడు. బతుకంతా విత్తనానికి నేల తడిపే పదును వాన కోసం మబ్బుల కేసి చూసి, విత్తిన శనక్కాయల్లో సగం మట్టికే ఇచ్చుకున్న మనిషి.

"లోపల ఏముంటాదో చూసొచ్చి చెప్పప్పా," అన్నాడు. "దానికి ఏమొచ్చి ఈడ కురవకుండా పోతాందో."

నాకు ఆ రేటింగ్ కావలసింది అందుకే. ఆయనకు ఎక్కువ కాలం లేదని డాక్టరు చెప్పాడు కాబట్టి తొందర కూడా ఉంది.

శిక్షణలో తలకు హుడ్ అని ఒకటి తగిలిస్తారు. టోపీ అంచు ముందుకు బాగా సాగినట్టుంటుంది. డయళ్లు తప్ప కిటికీ కనపడదు. అంతా బాగానే సాగింది. పరీక్షనాడు విమానాన్ని ఎడమకు తిప్పుతున్నాను. ఎక్కడి నుంచో మబ్బు నీడ వచ్చి నా మోకాళ్ల మీద పడింది. నా తల దానంతటదే పైకి లేచింది.

మలుపులో అలా తలెత్తితే చెవి లోపలి తూకం తప్పుతుందట. విమానం కుడికి పడిపోతోందని ఒళ్లంతా చెప్పింది. ముళ్లు కాదన్నాయి. నేను ఒంటినే నమ్మి ఇంకా ఎడమకు వంచాను. ఎత్తు జారిపోతుంటే పక్కనున్న పరీక్షాధికారి విమానాన్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

నాకు నేర్పినాయన వాయుసేనలో రిటైరైన కన్నడాయన. తల ఎందుకెత్తావని అడిగాడు. మబ్బొచ్చింది కదండీ అన్నాను. ఆ తర్వాత వారాల తరబడి, నేను నడుపుతుంటే మబ్బు నీడ పడినట్టు కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టేవాడు, తీసేవాడు. తల కదిలితే మెడ మీద ఒకటి వేసేవాడు. కోడెను కాడికి అలవాటు చేసినట్టు నా మెడను మరిపాడు.

రెండోసారి పాసయ్యాను. ఆ వారమే ఆయనతో కలిసి నిజమైన వానమబ్బులోకి వెళ్లాను. వెలుగు తగ్గింది. నా తల కదల్లేదు. ముళ్లను చూస్తూ ఒక పక్క దూరి, మరో పక్క బయటపడ్డాను. ఆయన నా భుజం తట్టాడు. కారులో ఇంటికి బయల్దేరి హిందూపురం దాటేవరకు గర్వంగానే ఉండింది. అక్కడ, నాయనకు ఏం చెప్పాలా అని మాటలు కూడబలుక్కోబోతే ఒక్కటీ దొరకలేదు.

నాయన దిండ్లు పెట్టించుకుని కూర్చుని ఉన్నాడు. చూసినావా అని అడిగాడు.

"లోపలికి పోయినాను నాయనా. చూడలేదు. చూస్తే పడిపోతాం."

ఆయన కోప్పడలేదు. "పోనీలే అప్పా," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. కోప్పడి ఉంటే తట్టుకునేవాణ్ణి. పెరట్లోకి పోయి ఏడ్చాను. ఆ నెల తిరక్కుండానే ఆయన పోయాడు.

పెద్దకర్మ రోజు చుట్టాలతో పాటు పంక్తిలో కూర్చున్నాను. భోజనాలు సగంలో ఉండగా నడవలో వెలుగు తగ్గింది. అందరూ ఎంగిలి చేతులతో లేచి వాకిట్లోకి వెళ్లారు. నాయన ఉండి ఉంటే అందరికంటే ముందుండేవాడు. నేను విస్తట్లోకి చూస్తూ అన్నం కలుపుతూనే ఉన్నాను. కాసేపటికి నా భార్య గడప దగ్గరికి వచ్చింది.

"మబ్బు పట్టింది, రాండి," అంది.

మా ఇంట్లో ఆ మాట ఒకరికి చెప్పాల్సి రావడం అదే మొదటిసారి.